పోట్లాటల గది

ఆ బడిలో మూడో అంతస్తు చివర ఒక పొడవాటి గది ఉంది. ఒకప్పుడది సైన్సు ల్యాబు. కింద కొత్త ల్యాబు కట్టాక దీన్ని పట్టించుకున్న నాథుడు లేడు. గది నడుమ నిలువునా నల్లరాతి బల్ల, దాని రెండు చివరలా నీళ్ళు దిగని సింకులు, గోడల మీద ఎప్పటివో ఆమ్లాల మరకలు, తలుపు మీద "నిశ్శబ్దం పాటించుము" అనే బోర్డు. సరిగ్గా ఆ బోర్డు కిందనుంచే వారానికి మూడు మధ్యాహ్నాలు పిల్లలు పోట్లాడుకోవడానికి లోపలికి వెళ్ళేవారు. అదీ తోసుకోకుండా, వరసగా, బుద్ధిమంతుల్లా.

వాళ్ళకు పోట్లాట నేర్పే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఐదడుగులుండదు. అరవైకి ఒకటో రెండో తక్కువ. గొంతు ఉందా లేదా అన్నట్టుంటుంది. కూరగాయల కొట్లో అరకిలో టమాటాలు కావాలని మూడుసార్లు చెబితేగాని కొట్టువాడికి వినబడదు, నాలుగోసారి అడగడానికి మొహమాటపడి వంకాయలు తెచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు గుసగుసల టీచర్. ఆ పేరు వెనకాల పిలిచేది కాదు, ఎదురుగానే పిలిచేవారు. ఆమె కూడా పలికేది.

"ముప్పై ఏళ్ళ కాపురంలో నా మీద ఒక్కసారి కూడా అరవలేదండీ. అసలు కోపం వచ్చిందో లేదో తెలియక బిక్కుబిక్కుమంటూ బతికాను" అని వాళ్ళాయన అందరికీ చెప్పుకుంటాడు. ఆయన ఒకప్పుడు నాటకాలకు లైట్లు వేసేవాడు. ఇప్పుడు ఇంటి వరండాలో కూర్చుని ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు.

ఆమె తండ్రి ఒక నాటకాల కంపెనీలో దర్జీ. రాజులకూ సేనాపతులకూ దయ్యాలకూ ఆయనే బట్టలు కుట్టేవాడు. తల్లి చిన్నప్పుడే పోవడంతో పిల్ల ఆ గుడ్డముక్కల మధ్యనే పెరిగింది. కంపెనీ ఆడేవన్నీ పెద్ద నాటకాలు. నాలుగు వందల ఏళ్ళ కిందట పరాయి దేశపు మహాకవి ఎవరో రాస్తే, పండితులు వాటిని బండరాళ్ళంత తెలుగులోకి దించి పెట్టారు. వాటిలో ఎవరికైనా కోపం వచ్చిందంటే పేజీన్నర. కత్తి దూసే ముందు మనిషి తన కడుపులో ఉన్నదంతా కక్కేవాడు, ఎదుటివాడు కక్కింది వినేవాడు, దానికి జవాబు చెప్పేవాడు, అప్పటికీ తీరకపోతే దూసేవాడు. దర్జీ కూతురు బొత్తాలు కుడుతూ ఇదంతా విని నోరు తెరుచుకుని ఉండిపోయేది. కోపం ఇంత అందంగా ఉంటుందా అనుకునేది.

పదమూడో ఏట కంపెనీలో మాటలందించే ముసలాయన గొంతు పడిపోయి, ఆ పీట మీద ఈ పిల్లను కూర్చోబెట్టారు. పక్కతెర చాటున ముక్కాలిపీట మీద కూర్చుని, చేతిలో పుస్తకం పట్టుకుని, నటుడు మరిచిపోయిన మాటను అతనికి మాత్రమే వినబడేలా అందించడం ఆ పని. ముందు వరసలోవాళ్ళకు వినబడితే పరువు పోతుంది. నటుడికి వినబడకపోతే నాటకమే పోతుంది. పదమూడో ఏట పీట ఎక్కిన పిల్ల మళ్ళీ ముప్పై ఒక్క ఏళ్ళపాటు దిగలేదు. ఎందరు రాజుల కోపాలు ఆమె పెదవుల మీదుగా వెళ్ళాయో లెక్కలేదు. అవన్నీ వేరేవాళ్ళ నోళ్ళలోనే ఉరిమాయి, ఆమె నోట్లో మాత్రం ఎప్పుడూ గుసగుసలే.

కంపెనీ మూతపడ్డాక ఈ బడి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసే పని దొరికింది. అట్టలు వేసుకుంటూ ఇంకో పాతికేళ్ళు గడిపేసేదేమో. ఒకరోజు మధ్యాహ్నం లైబ్రరీ గుమ్మంలో ఇద్దరు పిల్లలు కిటికీ పక్క కుర్చీ కోసం కలబడ్డారు.

"నువ్వు వేస్ట్‌గాడివి!"

"నువ్వే వేస్ట్‌గాడివి!"

"నువ్వే!"

"కాదు, నువ్వే!"

ఆపైన మాటలు అయిపోయి చొక్కాలు పట్టుకున్నారు. ఆమె జిగురు చేతులతోనే వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆమెకు కోపం రాలేదు, జాలేసింది. మొహాలు ఎర్రబడి, మెడనరాలు ఉబ్బి, ఇంత కోపం పెట్టుకుని వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్క మాట. అది కూడా ఇద్దరికీ కలిపి ఒక్కటే.

"ఏరా నాన్నా, ఇంత కోపానికి ఇదేనా తిట్టు? నన్నడిగితే మంచిది ఇచ్చేదాన్ని కదా" అంది.

పిల్లలిద్దరూ పట్టు వదలకుండానే ఆమెవైపు చూశారు. ఆమె మొదటివాడి చెవి దగ్గర వంగింది. వాడు కళ్ళు పెద్దవి చేసుకుని, విన్నది విన్నట్టు ఎదుటివాడి మీద విసిరాడు.

"ఓరీ ఆసనచోరుడా! పరుల పీఠమునెక్కి ప్రభువునైతినని మురియుచుంటివా!"

రెండోవాడు చొక్కా వదిలేశాడు. "టీచర్, నాకూ ఒకటి ఇవ్వండి. వాడిదానికంటే పెద్దది" అన్నాడు.

ఆ రోజు గంట కొట్టేవరకూ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మర్నాడు నలుగురు వచ్చారు. ఆ తరువాత వారం లైబ్రరీ నిండిపోయింది. చదువుకునేవాళ్ళు గోల పెడితే, బడికి పెద్దదిక్కయిన ప్రధానోపాధ్యాయిని, అందరూ పెద్ద మేడమ్ అని పిలిచే ఆవిడ, తలనొప్పి వదిలించుకోవడానికి మూడో అంతస్తు గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

ఆ గదిలో రాతిబల్ల ఉండడం అదృష్టం. బల్లకు అటొకరు, ఇటొకరు నిలబడితే ఎంత చాపినా చెయ్యి అవతలివాళ్ళకు అందదు. పోట్లాట అక్కడే జరగాలి. మనిషి రూపాన్నీ, ఇంట్లోవాళ్ళనూ తిట్టకూడదు. చేసిన పనిని మాత్రం ఎంతైనా తిట్టవచ్చు. అన్నిటికంటే కష్టమైన షరతు ఇంకొకటి ఉంది. ఎదుటివాళ్ళు ఏ మాటతో ముగిస్తే ఆ మాటనే అందుకుని నీది మొదలుపెట్టాలి. అంటే వాళ్ళు తిడుతున్నంతసేపూ చచ్చినట్టు వినాలి. పెద్దవాళ్ళలో ఈ పని చెయ్యగలిగినవాళ్ళు ఎందరున్నారో నాకైతే అనుమానమే.

మొదట్లో పిల్లలకు మాటలు ఆమే అందించేది. చెవిలో చెబితే వాళ్ళు పలికేవారు. నెల తిరిగేసరికి అందించనక్కర్లేకుండా వాళ్ళే తయారుచేయడం మొదలుపెట్టారు. వ్యాకరణం గంగలో కలిసింది. పండితులు వింటే మంచం పట్టేవారు. ఆమె ఒక్కటి కూడా దిద్దలేదు.

ఒకరోజు ఒక పిల్ల తన పెన్సిలు విరగ్గొట్టినదాని మీదికి వచ్చింది. "నా పెన్సిలును అరువు గొని, దాని ముక్కును విరిచి, ఏమియు ఎరుగని పసిపాపవలె చూచుచున్నావా!" అంది. అవతలి పిల్ల తలెత్తింది. "చూచుచున్నాను" అని అందుకుంది. "నన్ను మీ ఆటలోనికి రానీయక గోడకు నిలబెట్టిన నాటినుండియు చూచుచునే ఉన్నాను. పెన్సిలు ఒక్కటే కదా విరిగినది!" అంది. గుసగుసల టీచర్‌కు ఒళ్ళు గగుర్పొడిచింది. పెన్సిలు గొడవనుకున్నది ఎక్కడికి పోయి తేలిందో చూడండి! వేస్ట్‌గాడివి అనే మాటలో పట్టనిదేదో ఈ పాతకాలపు పెద్ద మాటల్లో పట్టింది. ఇంటికి వెళ్ళి వాళ్ళాయనతో, "పిల్లలు కారండీ వీళ్ళు, మహారాజులు" అంది. ఆయన మిక్సీ మూత బిగిస్తూ, "మహారాజులైతే మరి నా పాత కంపెనీ జీతం బాకీ ఎప్పుడిస్తారో కనుక్కో" అన్నాడు.

లెక్కల మాస్టారు మాత్రం మెట్ల దగ్గర ఆమెను ఆపి చేతులు జోడించాడు. "టీచర్, మా చిన్నది నన్ను 'ఓ కఠినాత్ముడా, మరొక్క పూట సెలవిమ్ము' అంటోంది. మీ పుణ్యమే."

"ఇచ్చారా మరి?"

"ఏం చెయ్యను? అలా అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాను!"

అంతా ఇలా నవ్వులతో సాగిపోతున్న రోజుల్లో అగ్గిపుల్ల వ్యవహారం వచ్చిపడింది.

అగ్గిపుల్ల ఆరో క్లాసు పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గీసీ గీయకముందే భగ్గుమంటుంది. ఆ పేరు తోటిపిల్లలు పెట్టిందే. ఆ క్లాసులోనే దాని బాబాయి కూతురు కూడా చదువుతోంది. ఐదు నెలలు చిన్నది. పోట్లాటల గదిలో దాని వాగ్ధాటికి అందరూ నీళ్ళు తాగాల్సిందే గనుక ఆ పిల్లకు రాణి అని పేరు. అక్కాచెల్లెళ్ళు ఒకే కంచంలో తిని, ఒకే దుప్పట్లో పడుకుని పెరిగినవాళ్ళు. వాళ్ళది రెండంతస్తుల ఇల్లు. కింది వాటా అన్న అయిన అగ్గిపుల్ల తండ్రిది, పై వాటా తమ్ముడైన రాణి తండ్రిది. నాలుగు నెలల కిందట కింది వాటాలో ఉండే నాయనమ్మ చనిపోయింది. ఆవిడ చివరి రోజుల్లో ఎవరు ఎంత చేశారన్న దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటామాటా పెరిగి, మాటలే బందయ్యాయి.

ఒకనాడు మధ్యాహ్నం తిండి గంటలో రాణి క్లాసందరి ముందూ చెప్పేసింది. "మా అక్క ఇప్పటికీ చచ్చిపోయిన నాయనమ్మ స్వెటర్ వాసన చూస్తేగాని నిద్రపోదు, తెలుసా?" అంది. క్లాసు క్లాసంతా ముక్కులు ఎగబీల్చి నవ్వింది. అగ్గిపుల్ల ఒక్క మాట అనలేదు. చేతిలో ఉన్న స్టీలు నీళ్ళసీసాతో చెల్లెలి నుదుటి మీద కొట్టింది. కనుబొమ్మ పైన మూడు కుట్లు పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే రాణి తండ్రి కాగితం రాసుకుని మరీ వచ్చాడు. తన కూతురున్న క్లాసులో ఆ పిల్ల ఉండడానికి వీల్లేదని రాశాడు. రాసింది సొంత అన్నకూతురి గురించే అయినా ఎక్కడా ఆ మాట లేదు. ఈ ఏడు అగ్గిపుల్ల చెయ్యి చేసుకోవడం అది మూడోసారి. పెద్ద మేడమ్‌కు కూడా ఓపిక నశించి, టీసీ సిద్ధం చెయ్యమంది.

ఆ సంగతి తెలిసి గుసగుసల టీచర్ పెద్ద మేడమ్ గదికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో నమస్కారం తప్ప ఇంకో మాట ఎరగని మనిషి.

"పదిహేను రోజులు ఆ పిల్లను నాకు వదిలెయ్యండి."

"ఏమన్నారు టీచర్? వినబళ్ళేదు."

రెండోసారి చెప్పినా వినబడలేదు. మూడోసారికి ఆ వాక్యం బయటపడేసరికి ఆమెకు చెమటలు పోశాయి.

"మీ గదిలో పిల్లలు సరదాగా తిట్టుకుంటారని నాకు తెలుసు. ఇది సరదా కాదండీ. కుట్లు పడ్డాయి" అంది పెద్ద మేడమ్.

"అందుకేనండీ అడుగుతున్నా. దాని దగ్గర సీసా తప్ప మాట లేదు."

పెద్ద మేడమ్, "సరే. పదిహేనో రోజున నేనూ వస్తాను, ఆ అన్నదమ్ములిద్దర్నీ పిలుస్తాను. చెల్లెలికి ఎదురుగా నిలబడి, చెయ్యెత్తకుండా, చెప్పాల్సింది నోటితో చెప్పగలిగితే ఉంటుంది. లేకపోతే టీసీ ఆ రోజే ఇచ్చేస్తాను" అంది.

ఆ పదిహేను రోజులూ గది రోజూ తెరిచారు. మొదటి వారం రోజులూ అగ్గిపుల్ల బల్ల ముందు నిలబడి నేల చూపులు చూసింది. అవతల రాణి నుదుటికి పట్టీతో, "ఓ మూగ సేనానీ! నీ సీసా మాటలాడును గాని నీవు మాటలాడవా?" అంటే, ఇవతల ఈ పిల్ల పిడికిళ్ళు బిగుసుకునేవి. ఒకసారి బల్ల ఎక్కబోతుంటే టీచర్ నడుము పట్టుకుని లాగాల్సివచ్చింది. ఆ ఒంట్లో అంత వణుకు ఉందని అప్పుడే తెలిసింది ఆమెకు.

ఎనిమిదో రోజుకు ఆమెకు భయం పట్టుకుంది. ఆ భయంలో, మాటలందించి బతికిన మనిషి మాత్రమే చెయ్యగల తప్పు చేసింది. ఇంటికి వెళ్ళి ఆ పిల్ల కోపాన్ని తానే రాసేసింది. రెండు పేజీలు. "విశ్వాసఘాతినీ, నా హృదయకవాటమునకు నిన్ను కాపలా ఉంచితిని, నీవే కన్నము వేసితివి" అంటూ సాగుతుంది. వాళ్ళాయన చదివి ఈల వేశాడు. "ఇది మన కంపెనీవాళ్ళ చేతిలో పడుంటే వారం రోజులు హౌస్‌ఫుల్" అన్నాడు. ఆమెకు కూడా తన మీద తనకు ముచ్చటేసింది.

మర్నాడు ఆ పిల్ల కాగితం పట్టుకుని నిలబడింది. వెనకనుంచి ఈమె అందిస్తూనే ఉంది. అగ్గిపుల్ల మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తప్పులేకుండా అప్పజెప్పింది. గదంతా చప్పట్లు. రాణి కూడా కొట్టింది. టీచర్ గుండె మీదనుంచి పెద్ద బరువు దిగినట్టయింది.

అగ్గిపుల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నీళ్ళు నిలిచిన సింకులో వేసింది.

"బాగుంది టీచర్. కానీ ఇది మీ కోపం. నాది కాదు."

"అదేంటమ్మా? నీ గురించే కదా రాశాను!"

"నా కోపం మీకెలా తెలుస్తుంది? నాకే తెలీదు."

టీచర్ ఆ సింకు వైపు చూసింది. తాను రాసిన అక్షరాలు నీళ్ళలో నీలంగా సాగుతున్నాయి. పదకొండేళ్ళ పిల్ల అన్న మాటకు ఆమెకు సిగ్గేసింది.

"తెలిసేదాకా ఆగుదామా మరి?" అంది నెమ్మదిగా.

"నేను ఆగుతాను. మీరే ఆగరు. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి చెప్పేస్తారు."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు. నీ వెనకాల నిలబడను కూడా. తలుపు దగ్గర నిలబడతాను."

తరువాత ఐదు రోజులూ అగ్గిపుల్ల బల్ల దగ్గరికే రాలేదు. కిటికీ గట్టు మీద కూర్చుని మిగతావాళ్ళ పోట్లాటలు వింది. పెదవులు మాత్రం ఆడుతుండేవి. ఏమనుకుంటున్నదో అడగాలని టీచర్‌కు నాలుక పీకేది. అడగలేదు. రాత్రుళ్ళు నిద్ర పట్టక దొర్లుతుంటే వాళ్ళాయన, "నీకే పరీక్ష ఉన్నట్టుందే" అనేవాడు.

పదిహేనో రోజు మధ్యాహ్నం అందరూ వచ్చారు. అన్న ఒక స్టూలు మీద, తమ్ముడు దానికి వీలైనంత దూరంగా ఇంకో స్టూలు మీద కూర్చున్నారు. ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. పెద్ద మేడమ్ ఒళ్ళో ఫైలు. అందులో రాణి తండ్రి రాసిన కాగితం, దాని కింద సంతకం పెట్టడమే తరువాయిగా టీసీ. పిల్లలు గోడ వెంబడి వరసగా నిలబడ్డారు. గుసగుసల టీచర్ ఒట్టు ప్రకారం తలుపు దగ్గర నిలబడింది. అంత దూరంనుంచి అందించినా ఆ పిల్లకు వినబడదు.

కుట్లు పడిన పిల్లే మొదలుపెట్టాలన్నారు. రాణి గొంతు సవరించుకుంది.

"ఓ అగ్రజా! నీ లోహపాత్ర నా నొసట మూడు కుట్లు వేయించినది. అద్దములో నా ముఖము చూచుకొనినపుడెల్ల నాకు నీవే కనబడుచున్నావు. ఒకే దుప్పటిలో నిదురించిన దానను కదా, నన్ను కొట్టుటకు నీకు చెయ్యి ఎట్లు వచ్చినది? మాటలాడుము!"

అగ్గిపుల్ల మాట్లాడలేదు. ఒక నిమిషం గడిచింది. పిల్లలు ఒకరినొకరు గిల్లుకున్నారు. పెద్ద మేడమ్ గడియారం చూసుకుంది. "చెప్పవే తల్లీ, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు అగ్గిపుల్ల తండ్రి గొంతు తగ్గించి. ఇంకో నిమిషం గడిచింది. తలుపు దగ్గర ఉన్నామె నోట్లో ఇరవై వాక్యాలు బయటికి ఉరకడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆమె అరచెయ్యి నోటికి అడ్డంపెట్టుకుని గట్టిగా అదుముకుంది. పెద్ద మేడమ్ కలం మూత తీసింది.

"మాటలాడెదను" అంది అగ్గిపుల్ల.

రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టింది. పిడికిళ్ళు లేవు.

"మాటలాడెదను. నిన్ను కొట్టితిని. అది తప్పు. నీ కుట్లు నేనును లెక్కపెట్టితిని. కాని వినుము. స్వెటర్ సంగతి మా అమ్మకును చెప్పలేదు. మా నాన్నకును చెప్పలేదు. ఒక్క నీకే చెప్పితిని. నిన్ను ఒక పెట్టె అనుకొంటిని. నాది తీసి నీలో దాచుకొంటిని. నీవు మూత తీసి క్లాసుకంతకును చూపితివి. వారు ముక్కులు ఎగబీల్చిరి. నన్ను చూచి నవ్వినచో నవ్వనిత్తును. నాకు అలవాటే. కాని వారు నన్ను చూచి నవ్వలేదు. నాయనమ్మను చూచి నవ్విరి. నీవు పక్కన నిలబడి నవ్వనిచ్చితివి, మన నాయనమ్మను!"

ఎవరో ఎక్కడినుంచో అందించిన మాటలు కావవి. ఏ పుస్తకంలోనూ లేవు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎంత గొప్ప నటుడు నోరు తెరిచినా తరువాతి మాట ఏమిటో ఆమెకు ముందే తెలిసేది. ఈ పిల్ల నోటినుంచి ఏం రాబోతున్నదో ఆమెకు తెలియలేదు. ఒక్కో మాటా ఆమె కళ్ళముందే పుడుతోంది. ఆమె నోటి మీది చెయ్యి తీసేసింది. ఇంత గొప్పది తాను ఇంతవరకూ వినలేదు. ఇది అతిశయోక్తి కాదు, ఆమె తరువాత ఎప్పుడు చెప్పినా ఇదే చెప్పింది.

ఇక రాణి అందుకోవాలి. చివరి మాట నాయనమ్మ.

"నాయనమ్మ..." అంది రాణి. ఆగింది. "నాయనమ్మను నేను..." అని మళ్ళీ ఆగింది. ఏ పోట్లాటలోనూ తడబడని పిల్ల. మూడోసారి మొదలుపెట్టేసరికి పెద్ద మాటలన్నీ ఊడిపోయాయి.

"నాయనమ్మ నీ ఒక్కదానికేనా? నాక్కాదా? ఆవిడ పోయిన రోజే స్వెటర్ నువ్వు తీసేసుకున్నావ్. గది మీ వాటాలోనే ఉంది. మంచం మీ దగ్గరే. మా నాన్న నన్ను మెట్లు దిగనివ్వట్లేదు. నీకు రోజూ వాసన ఉంది. నాకు అది కూడా లేదు. అందుకే చెప్పేశా. కావాలనే చెప్పా. నాకేం మిగిలిందక్కా? నాకేం మిగిలింది?"

ఆ పిల్ల ఏడుస్తోంది. ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంటోంది. రాణి తండ్రి స్టూలు మీదనుంచి లేవబోయి, కూతురు చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాడు. అందరూ అగ్గిపుల్ల వైపు తిరిగారు. గెలిచింది తానే కదా, ఏమంటుందో అని.

"మిగిలినది" అని అందుకుంది అగ్గిపుల్ల. ఆ తరువాత మాట బయటికి రావడానికి చాలా సేపు పట్టింది. ఈసారి ఎవరూ గడియారం చూసుకోలేదు.

"మిగిలినది ఏదియు లేదు. వాసన పోయినది. ఎప్పుడో పోయినది. ఇప్పుడా స్వెటర్ నా వాసనయే కొట్టుచున్నది. ప్రతిదినము చూచుచున్నాను. లేదు. వారు ముక్కులు ఎగబీల్చిన దినమున కూడ లేదు. పోయినదని నీకు చెప్పుటకు భయపడితిని. చెప్పినచో నిజముగా పోవునని."

కింద మైదానంలో ఎవరో బంతి కోసం కేకలు పెడుతున్నారు. లెక్కల మాస్టారు ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో తెలియదు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

రాణి తండ్రి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. కూతురి పక్కన కాకుండా అగ్గిపుల్ల పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎప్పుడు పోయిందమ్మా?" అన్నాడు.

"రెండు నెలలైంది బాబాయ్."

ఆయన నాలుగు నెలల్లో మొదటిసారి అన్న వైపు తిరిగాడు.

"నీకు తెలుసా అన్నయ్యా?"

"నాకూ ఇప్పుడే తెలిసిందిరా" అన్నాడు అన్న. లేచి రాబోయి, అక్కడే నిలబడిపోయాడు.

తమ్ముడు పెద్ద మేడమ్ ముందుకు వెళ్ళి చెయ్యి చాపాడు. ఆవిడ ఏమీ అడగకుండా ఫైలులోంచి ఆయన రాసిన కాగితం తీసి ఇచ్చేసింది. దాని కింద ఉన్న టీసీని ఆవిడే నిలువునా చింపి, ముక్కలు ఎక్కడ పడెయ్యాలో తోచక చేతిలోనే పట్టుకుంది. "రేపటినుంచి క్లాసులో ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారో మీరే చూసుకోండి" అని పిల్లలతో అని, ముక్కు ఎగబీల్చుకుంటూ వెళ్ళిపోయింది. అలా ఎగబీల్చినందుకు ఎవరూ నవ్వలేదు.

గది ఖాళీ అవుతుండగా అగ్గిపుల్ల తలుపు దగ్గరికి వచ్చింది. మొహమంతా నీరసంగా, తేలికగా, జ్వరం విడిచిన పిల్లలా ఉంది.

"మీరు ఒక్కటి కూడా చెప్పలేదు టీచర్" అంది.

ఆమె ఏదో చెప్పాలనుకుంది. ఎందరు రాజులకో మాటలు అందించిన మనిషి. తన సొంతానికి ఒక్క మాట కావలసివచ్చి వెతుక్కుంటే ఎక్కడా దొరకలేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. పిల్ల ఆమె మొహంలోకి చూసింది. బయట చెల్లెలు పిలుస్తోంది. అయినా కదలకుండా, తొందరపెట్టకుండా, ఆమె ఎదురుగా నిలబడి ఆగింది.